కలుపు మందును తట్టుకునే పత్తికి అనుమతి ఇస్తే, మందుకు లొంగని కలుపు మాటేమిటి?

మెట్టచేను (చర్చ ప్రారంభించినవారు)

ఏటా తొలకరికి ముందే మన రెండు రాష్ట్రాల్లో ఒకే వ్యవహారం నడుస్తోంది. బీజీ-3 అనే పేరుతో, బిల్లు లేకుండా, కలుపు మందును తట్టుకునే జన్యుమార్పిడి పత్తి విత్తనాలు లూజుగా ఊళ్లకు చేరతాయి. అధికారులు దాడులు చేసి కొంత సరుకు పట్టుకుంటారు, అయినా శ్రావణం వచ్చేసరికి చేలల్లో అదే పత్తి కనిపిస్తుంది. ఈ విత్తనానికి అనుమతి కోరుతూ పెట్టుకున్న దరఖాస్తును మహికో అనే విత్తన కంపెనీ 2016లోనే వెనక్కి తీసుకుంది. ఆ మరుసటి ఏడాదే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాత్ చేలల్లో ఈ సాగు బయటపడింది. ఈ పత్తి మీద కొట్టే గ్లైఫోసేట్ అనే కలుపు మందును చీడ నియంత్రణ ఆపరేటర్ల ద్వారా మాత్రమే వాడాలని కేంద్రం 2022 అక్టోబరులో ఆదేశించినా చేలల్లో దాని వాడకం ఆగలేదు.

దొంగచాటుగా సాగేదానికి చట్టబద్ధంగా అనుమతి ఇచ్చేస్తే పోతుందని కొందరు వాదిస్తున్నారు. నేను అంగీకరించను. నా అభ్యంతరం ఆరోగ్యం గురించిన భయాలది కాదు, ఆ చర్చ వేరేగా చేసుకోవచ్చు. ఒకే మందును ఏటా అదే చేనులో, అదే పంట మీద కొట్టే అలవాటు స్థిరపడితే, పది పదిహేనేళ్లలో ఆ మందుకు లొంగని కలుపు కూడా మన చేలల్లో స్థిరపడుతుంది. అప్పటికి మందు పనిచేయదు, గుంటకలూ ఎద్దులూ కూడా మిగలవు. హర్యానా గోధుమ రైతులకు 1990లలో, అమెరికా దక్షిణ రాష్ట్రాల పత్తి రైతులకు 2005 తరువాత ఇదే జరిగింది. ఈ ఒక్క విషయం మీద సభ్యులు తమ అభిప్రాయం రాయాలని కోరుతున్నాను.

పల్నాటి కౌలురైతు

మెట్టచేను గారూ, మీరు పదిహేనేళ్ల తరువాత వచ్చే కలుపు గురించి రాశారు, నేను ఈ ఆగస్టులో వచ్చే కలుపు గురించి రాస్తాను. ముసురు పట్టి వారం పది రోజులు వాన వదలకపోతే నల్లరేగడిలో గుంటక దిగదు. వాన వెలిసిన రోజున ఊళ్లో రైతులందరికీ ఒకేసారి కూలీలు కావాలి, ఉన్న కొద్దిమందిని ఎవరు ఎక్కువ ఇస్తే వారు ఆటో పెట్టి తీసుకుపోతారు. ఈలోగా గరిక, తుంగ, గునుగు పత్తి మొక్కను మించి ఎదుగుతాయి. కౌలు ముందే చెల్లించి, ఎరువులు అప్పు తెచ్చి వేసిన మనిషికి ఆ రెండు వారాల్లోనే పంట దక్కుతుందా లేదా అన్నది తేలిపోతుంది.

అమెరికా రైతుకు వందల, వేల ఎకరాలు ఉంటాయి, ఆయన కష్టనష్టాల లెక్క వేరు. నాలుగెకరాలు కౌలుకు చేసే నాకు ఆయన గతి పడుతుందని చెప్పి, ఈనాడు నా చేతికి అందిన ఉపాయాన్ని లాగేసుకోవడం న్యాయం కాదు. అసలు ఈ విత్తనం లేనప్పుడు కూడా మేము నాజిల్‌కు డొప్ప తగిలించి సాళ్ల మధ్య గ్లైఫోసేట్ కొట్టినవాళ్లమే. గాలి వాటున పత్తి ఆకు మీద పడి మొక్కలు మాడిపోయేవి. ఇప్పుడు మాడడం లేదు, అంతే తేడా.

వరంగల్ పత్తి

కలుపు చావలేదంటే ముందు అనుమానించవలసింది మందును. మా మండలంలో నకిలీ మందులు ఎంత అమ్ముడవుతాయో అందరికీ తెలుసు. కలుపు మొండికెత్తిందన్న మాట నకిలీ సరుకు అమ్మినవాడికి మంచి సాకుగా పనికొస్తుంది.

కలుపుశాస్త్రం

వరంగల్ పత్తి గారి అనుమానం సహజమే కాని, ఆ రెండింటినీ చేనులోనే వేరుచేసి చూడవచ్చు. మందు నకిలీదైనా, మోతాదు తగ్గినా, కొట్టిన కాసేపటికే వాన పడినా, చేనులో ఉన్న అన్ని రకాల కలుపూ అరకొరగా బతుకుతుంది. మిగతా రకాలన్నీ చచ్చి ఒకే జాతి మిగిలి, ఆ జాతిలోనూ చచ్చిన మొక్క పక్కనే ఏ మచ్చా లేని పచ్చని మొక్క నిలబడి ఉంటే, పైగా అది ఏటా అదే చోట గుంపుగా పెరుగుతూ ఉంటే, అది మందును తట్టుకునే శక్తి సంతరించుకున్న కలుపని గట్టిగా అనుమానించాలి.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. మందు కొట్టడం వల్ల మొక్క మారిపోదు. కోట్ల సంఖ్యలో ఉన్న కలుపు మొక్కల్లో, మందు పుట్టకముందు నుంచే, ఏదో జన్యుపరమైన తేడా వల్ల ఆ మందుకు చావని మొక్కలు అరుదుగా ఉంటాయి. మామూలు రోజుల్లో ఆ తేడా వాటికి ఏ మేలూ చేయదు కనుక అవి గుంపులో కలిసిపోయి ఉంటాయి. మందు కొట్టిన రోజున మిగతావన్నీ చచ్చి, ఎండా నీరూ ఎరువూ ఆ కొద్దిపాటి మొక్కలకే దక్కుతాయి, చేనులో రాలే గింజ కూడా వాటిదే అవుతుంది. మరుసటి ఏడాది అదే మందు కొడితే ఆ వాటా ఇంకా పెరుగుతుంది. మొదటి కొన్నేళ్లు రైతు కంటికి ఏమీ ఆనదు, ఎందుకంటే లక్షకు ఒకటి ఉన్నది వెయ్యికి ఒకటి అయినా మందు బాగా పనిచేసినట్టే కనిపిస్తుంది. అది పదికి ఒకటి అయ్యాక మాత్రం ఒకటి రెండు పంటల్లోనే చేను చెయ్యి జారిపోతుంది.

హర్యానా సంగతి వివరంగా చెప్పుకోవాలి, అది మన దేశంలో అందరికంటే ముందు దెబ్బతిన్న చోటు. వరి కోసి గోధుమ వేసే చేలల్లో అక్కడివారు మండూసి, గుల్లీ డండా అని పిలిచే గడ్డి విపరీతంగా పెరిగేది. చిన్నప్పుడు అది గోధుమ మొక్కలాగే ఉంటుంది కనుక చేత్తో ఏరడం కష్టం. దాని మీద ఐసోప్రోట్యూరాన్ అనే మందు బ్రహ్మాండంగా పనిచేసింది. చవక కూడా కావడంతో రైతులు పది పదిహేనేళ్ల పాటు దాన్నే నమ్ముకున్నారు. 1990ల మొదట్లో హిసార్‌లోని హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, ముఖ్యంగా ఆర్. కె. మాలిక్, సముందర్ సింగ్, ఆ మందుకు చావని గుల్లీ డండాను గుర్తించి ప్రకటించారు. కొన్నేళ్లలోనే అది లక్షల హెక్టార్లకు వ్యాపించింది, కొందరు రైతులు గోధుమను పచ్చిగానే కోసి పశువులకు మేపవలసి వచ్చింది. ఏటా వరి, గోధుమ మాత్రమే వేసిన చేలల్లో ఇది ఎక్కువగానూ, మధ్యలో చెరకు, పొద్దుతిరుగుడు, బర్సీం అనే పశుగ్రాసం వంటివి వేసినవారి చేలల్లో తక్కువగానూ కనిపించింది. నా దృష్టిలో ఈ మొత్తం కథలో రైతుకు అన్నిటికంటే పనికొచ్చే ముక్క అదే.

పల్నాటి కౌలురైతు

కలుపుశాస్త్రం గారు మంచి మాట రాశారు, ధన్యవాదాలు. ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పండి. హర్యానా గోధుమ జన్యుమార్పిడి గోధుమా? కాదు. ఆ రైతులు వేసింది మామూలు విత్తనమే, కలుపు మొండికెత్తింది మందు వల్ల. అలాంటప్పుడు మెట్టచేను గారు విత్తనాన్ని నిషేధించాలని అడగడంలో అర్థమేమిటి? వారు చూపిన ఉదాహరణే వారి వాదాన్ని కొట్టేస్తోంది.

కలుపుశాస్త్రం

జన్యుమార్పిడి గోధుమ కాదు. ఇంకొక అడుగు ముందుకు వేసి మీ పక్షాన నేనే చెబుతాను. గ్లైఫోసేట్‌కు చావని కలుపు ప్రపంచంలో మొదట 1996లో ఆస్ట్రేలియాలో ఒక రకం రై గడ్డిలో బయటపడింది, దానికీ జన్యుమార్పిడి పంటకూ సంబంధం లేదు. 1997లో మలేషియా తోటల్లో, మన రాగికి దగ్గరి బంధువైన ఒక అడవి గడ్డి అదే మందుకు లొంగకుండా పోయింది. ఆ గడ్డి మన చేలల్లోనూ గట్ల మీదా పెరుగుతుంది.

మెట్టచేను

పల్నాటి కౌలురైతు గారు ఒక్క ముక్క పట్టుకుని మిగతాది వదిలేశారు. విత్తనం కలుపును మారుస్తుందని నేను ఎక్కడా అనలేదు. గ్లైఫోసేట్ పచ్చగా ఉన్న ప్రతి మొక్కనూ చంపుతుంది కనుక, ఇంతకాలం దాన్ని పంట మీద కొట్టే వీలు లేకపోయింది. దుక్కికి ముందో, గట్ల మీదో, మీరు చెప్పినట్టు డొప్ప పెట్టి సాళ్ల మధ్యనో కొట్టేవాళ్లు, మొక్కల మొదళ్ల దగ్గర మిగిలినదాన్ని కూలీలు తీసేవాళ్లు. అలా చేత్తో తీసిన మొక్కల్లో మందుకు చావనివి కూడా పోయేవి. కొత్త విత్తనం వచ్చాక ఆ చేతిపని ఆగిపోతుంది. విత్తిన వెంటనే, కలుపు మొలవకముందే పెండిమిథాలిన్ వంటి మందు కొట్టే అలవాటు పోతుంది, గుంటక పోతుంది, ఎకరమంతా ఒకే మందు మిగులుతుంది. అమెరికాలో జరిగింది ఇదే కదా? అక్కడ నుంచి రాసే సభ్యులెవరైనా చెప్పాలి.

జార్జియా ప్రవాసి

నేను జార్జియా రాష్ట్రంలో పత్తి, వేరుశనగ పండించే ప్రాంతంలో వ్యవసాయ సలహా పనిలో ఉన్నాను కనుక చూసినదీ చదివినదీ రాస్తాను. గ్లైఫోసేట్‌ను తట్టుకునే పత్తి ఇక్కడ 1997లో వచ్చింది. ఎప్పుడు కొట్టినా పంటకు ఏమీ కాదు, ఏ కలుపైనా చస్తుంది అనే ధీమాతో రైతులు పాత మందులన్నిటినీ వదిలేశారు. 2005లో ఈ రాష్ట్రంలోనే పామర్ అమరాంత్ అనే కలుపు, అంటే మన తోటకూర జాతిదే, గ్లైఫోసేట్‌కు చావడం లేదని తేలింది. అనుకూలంగా ఉంటే అది రోజుకు 5 సెంటీమీటర్లకు పైగా పెరిగి మనిషిని మించుతుంది. ఇందులో ఆడ మొక్క, మగ మొక్క వేరు. ఒక్క ఆడ మొక్క లక్షల గింజలు రాలుస్తుంది, మగ మొక్క పుప్పొడి గాలిలో పక్క చేలకు పోతుంది.

గ్లైఫోసేట్ మొక్కలోని ఈపీఎస్‌పీఎస్ అనే ఒక ఎంజైమును పట్టుకుని అడ్డుకుంటుంది, అది ఆగిపోతే మొక్క కొన్ని అమైనో ఆమ్లాలను తయారుచేసుకోలేక చస్తుంది. జార్జియా పామర్‌లో ఆ ఎంజైము జన్యువు ఒకటి రెండు ప్రతులకు బదులు పదుల సంఖ్యలో, కొన్ని మొక్కల్లో నూటికి పైగా ప్రతులుగా పెరిగిందని 2010లో ప్రచురించిన పరిశోధన చూపింది. మందు ఎంతని అడ్డుకుంటుంది? అడ్డుకున్నదానికంటే ఎక్కువ ఎంజైమును మొక్క తయారుచేసుకుంటోంది. ఆ అదనపు ప్రతులు క్రోమోజోముకు బయట చిన్న చిన్న డీఎన్‌ఏ వలయాలుగా ఉంటాయని 2018లో కనుగొన్నారు.

పల్నాటి కౌలురైతు గారు కూలీల గురించి రాశారు కనుక చెప్పక తప్పదు. కలుపు తీసే కూలీ అవసరమే లేదనుకున్న ఈ రాష్ట్రంలో, పామర్ మొండికెత్తాక, పత్తి విస్తీర్ణంలో సుమారు సగంలో రైతులు మనుషులను పెట్టి చేత్తో కలుపు తీయించవలసి వచ్చింది. మందుల ఖర్చు కూడా రెట్టింపుకు మించింది.

వరంగల్ పత్తి

ఒక మందుకు చావకపోతే ఇంకొక మందు కొడితే చావదా? కంపెనీలు కొత్తవి తెస్తూనే ఉంటాయి కదా.

కలుపుశాస్త్రం

ఈ ఆశ మీదే అందరూ నడిచారు కనుక జవాబు కొంచెం పొడుగవుతుంది. మార్కెట్లో పేర్లు వందలు ఉంటాయి కాని, మొక్కను చంపే తీరు చూస్తే అవన్నీ రెండు మూడు డజన్ల తరగతులలోపే ఉంటాయి. 1980ల తరువాత దాదాపు మూడు దశాబ్దాల పాటు, కొత్త తీరులో పనిచేసే ముఖ్యమైన కలుపు మందేదీ మార్కెట్లోకి రాలేదు. పేరు మార్చి కొన్నంత మాత్రాన మందు మారినట్టు కాదు. వరిలో బిస్‌పైరిబాక్, పెనాక్సులమ్ వేర్వేరు డబ్బాల్లో వస్తాయి కాని, రెండూ మొక్కలో ఒకే ఎంజైమును అడ్డుకుంటాయి. ఒకదానికి తట్టుకున్న ఊదగడ్డి రెండోదానికీ తట్టుకోవచ్చు. ఆస్ట్రేలియాలో ప్రతి డబ్బా మీద ఆ మందు ఏ తరగతిదో తెలిపే గుర్తు తప్పనిసరిగా ముద్రిస్తారు. మన రైతుకు తెలుగులో, పెద్ద అక్షరంలో, ఆ గుర్తు కావాలి.

అమెరికాలో గ్లైఫోసేట్ పోయాక డైకాంబా అనే మరో కలుపు మందును తట్టుకునే పత్తి, సోయా తెచ్చారు. ఆ మందు ఆవిరై పక్క చేలకు పోయి, 2017 ఒక్క ఏడాదే సుమారు 36 లక్షల ఎకరాల సోయాను దెబ్బతీసిందని మిస్సోరీ విశ్వవిద్యాలయం అంచనా వేసింది. పంట మీద దాన్ని కొట్టడానికి ఇచ్చిన అనుమతులను కోర్టులు 2020లోనూ 2024లోనూ కొట్టేశాయి. హర్యానాలో ఐసోప్రోట్యూరాన్ బదులు క్లోడినాఫాప్, ఫెనాక్సాప్రాప్, సల్ఫోసల్ఫ్యూరాన్ వచ్చాయి, కొన్నేళ్లకు గుల్లీ డండా వాటినీ తట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ గడ్డి మందును తన ఒంట్లోనే విరిచి నిర్వీర్యం చేసుకునే శక్తిని పెంచుకుంది కనుక, అంతకుముందు తాను చూడని మందును కూడా కొంతవరకు విరిచేయగలదు. మందు మారిస్తే చాలు అనేవారికి అన్నిటికంటే కష్టమైన సంగతి ఇదే. రెండు తరగతుల మందులు కలిపి కొట్టడం ఒక్కొక్కటి మార్చి మార్చి కొట్టడం కంటే మేలని అమెరికాలోని ఇల్లినాయ్ చేలల లెక్కలు చూపాయి కాని, ఇలా విరిచేసుకునే కలుపు దగ్గర ఆ ఉపాయం కూడా అంతగా పారదు.

మోతాదు గురించి కూడా చెప్పాలి. సిఫారసుకు తగ్గించి కొట్టడం వల్ల కొద్దిపాటి శక్తి ఉన్న మొక్కలు కూడా బతికి, ఒకదానితో ఒకటి సంపర్కించి, ఆ శక్తిని పోగు చేసుకుంటాయి. రై గడ్డి మీద తక్కువ మోతాదులో మందు కొడుతూ పోతే మూడు తరాల్లోనే అది బాగా తట్టుకునే స్థితికి వచ్చిందని ఆస్ట్రేలియాలో 2005లో రుజువు చేశారు. మన దగ్గర ఒక డబ్బాను రెండెకరాలకు సాగదీసే అలవాటు ఉంది, అది మానాలి.

పల్నాటి కౌలురైతు

చివరకు తప్పు రైతు మీదికే వచ్చింది. డబ్బా సాగదీసింది రైతు, పంట మార్చనిది రైతు, మందు మార్చనిది రైతు. గులాబీ రంగు పురుగు వచ్చినప్పుడూ ఇలాగే అన్నారు. 450 గ్రాముల బీటీ (పురుగును తట్టుకునే జన్యుమార్పిడి పత్తి) పొట్లంతో పాటు, పురుగు దానికి అలవాటు పడకుండా ఇచ్చిన 120 గ్రాముల మామూలు విత్తనం చేను చుట్టూ వేయలేదు కనుక పురుగు మొండికెత్తిందని మా మీదే తోశారు. చుట్టూ వేసిన ఆ పత్తిని పురుగు తింటే నష్టం ఎవరు భరిస్తారో ఆనాడు ఒక్కరూ చెప్పలేదు.

నా అనుభవం కూడా వినండి. ఒక ఏడాది మా దగ్గరి పట్టణంలో ఒక దుకాణదారుడు బీజీ-3 అని చెప్పి విత్తనాలు ఇచ్చాడు. మొలిచింది మొలిచింది, మందు కొట్టేసరికి చేనులో ముప్పాతిక వంతు పత్తి కలుపుతో పాటే మాడిపోయింది. బిల్లు లేదు, కంపెనీ పేరు లేదు. ఫిర్యాదు చేద్దామంటే నేనే పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని మీరినవాణ్ణి అవుతాను. అనుమతి ఉన్న విత్తనమైతే కనీసం వినియోగదారుల కోర్టు మెట్లు ఎక్కేవాణ్ణి. మీ నిషేధం వల్ల ఆ విత్తనం ఆగలేదు, నా నష్టపరిహారం మాత్రం ఆగిపోయింది.

వరంగల్ పత్తి

నేను మొదట చెప్పింది ఇదే. అసలు సమస్య నకిలీ సరుకు.

గట్టుమీద

మా అమ్మ ఇప్పటికీ కలుపు కూలికి వెళుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా మా ఇంటికి వచ్చే డబ్బులో ఎక్కువ భాగం అదే. కూలీలు దొరకడం లేదని రాసేవాళ్లు, దొరికిన కూలీలకు ఆ మూడు నెలల తరువాత ఏం పని ఉంటుందో కూడా రాయాలి.

మెట్టచేను

పల్నాటి కౌలురైతు గారికి జరిగిన నష్టానికి నిజంగా బాధపడుతున్నాను. అయితే ఒకరి నష్టం ఒక విధానానికి రుజువు కాజాలదు. భూమి ఈ ఒక్క ఏడాదితో అయిపోయేది కాదు. ఒక పంటలో కూలి మిగులుతుందని, రాబోయే ఇరవై ఏళ్లు ఆ చేనులో మొలిచే కలుపును మొండిగా తయారుచేసే హక్కు ఎవరికీ లేదు. మా నాన్నగారి కాలం నుంచి గరిక లేకుండా కాపాడుకున్న నేల అది.

పల్నాటి కౌలురైతు

ఇప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. మెట్టచేను గారూ, కౌలు ధరల మీద జరిగిన చర్చలో మీరే రాశారు, మీ భూమిని కౌలుకు ఇచ్చి హైదరాబాదులో ఉంటున్నానని. కాపాడుకున్న నేల అంటున్నారు, ఇప్పుడు ఆ నేలలో వంగి కలుపు తీసేది ఎవరు? మీ కౌలుదారు. ఆయనకు మీరు ఎన్నేళ్లకు రాసిచ్చారు? ఒక్క ఏడాదికి నోటిమాటగానే ఇచ్చి ఉంటారు, ఎందుకంటే మా ఊళ్లోనూ అందరూ అలాగే ఇస్తారు. వచ్చే ఉగాదికి ఇంకొకడు ఎకరాకు రెండు వేలు ఎక్కువ ఇస్తానంటే చేను వాడిదవుతుంది.

మీరు చెప్పే జాగ్రత్తలన్నీ నేను కాదనను. పంట మార్చాలి, మందులు కలపాలి, మిగిలిపోయిన నాలుగు మొక్కలను గింజ కట్టకముందే పీకించాలి. వీటన్నిటికీ ఖర్చు ఈ ఏడాది అవుతుంది, ఫలం మూడో ఏడో ఐదో ఏడో కనిపిస్తుంది. ఈ ఏడాది ఖర్చు నాది, ఐదో ఏటి చేను మీది. నాలో ఎంత మంచితనం ఉన్నా, వచ్చే ఏడు నాది కాని చేనులో కలుపు గింజ రాలకుండా చూడడానికి అప్పు తెచ్చి కూలీలను పెట్టలేను. కలుపు ఎలా మొండికెత్తుతుందో కలుపుశాస్త్రం గారు అంత బాగా వివరించారు కదా, అందులో ఈ లెక్క ఎందుకు లేదు?

మెట్టచేను

నా కుటుంబ విషయాలు ఈ చర్చలోకి తేవడం సభ్యత కాదు. అవును, భూమి కౌలుకు ఇచ్చాను. ఇద్దరు పిల్లల చదువుల కోసం ఊరు వదిలినంత మాత్రాన నేలను గురించి మాట్లాడే అర్హత పోదు. రాసి ఇవ్వకపోవడానికి కారణం కూడా మీకు తెలుసు. రాసిచ్చిన కాగితం రేపు కోర్టులో హక్కుగా మారుతుందనే భయం ప్రతి చిన్న యజమానికీ ఉంది. కౌలుదారులను మోసగించాలన్న ఉద్దేశం అందరికీ ఉండదు.

కలుపుశాస్త్రం

ఇద్దరూ కోపం తగ్గించుకుంటే బాగుంటుంది, ఎందుకంటే ఈ గొడవ జీవశాస్త్రానికి బయటిది కాదు. మొండి కలుపును లొంగదీసుకోవడంలో అన్నిటికంటే నమ్మదగిన ఉపాయం నేలలోకి కొత్త గింజ పడకుండా చూడడమే. ఆస్ట్రేలియా రైతులు కోతయంత్రం వెనుక నుంచి వచ్చే పొట్టులోని కలుపు గింజలను నలిపి పొడిచేసే యంత్రాన్ని అమర్చుకుంటున్నారు, దాన్ని రూపొందించినది రే హారింగ్టన్ అనే రైతే. పామర్ అమరాంత్ గింజ నేలలో ఎక్కువ కాలం బతకదు, మూడేళ్లలో చాలా భాగం నశిస్తుంది. కాబట్టి మూడు నాలుగేళ్లు వరసగా గింజ రాలనివ్వకపోతే చేను చాలావరకు దారికొస్తుంది. ఒక్క ఏడాది వదిలేస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే పత్రం గడువు 11 నెలలు, దానికీ యజమాని సమ్మతి కావాలి. కలుపు గింజ నేలలో బతికే కాలానికీ ఆ పత్రం బతికే కాలానికీ పొంతన లేదు. పల్నాటి కౌలురైతు గారి లెక్క మా పరిశోధన పత్రాలలో ఎక్కడా కనిపించదు, కనిపించి ఉండవలసింది.

జార్జియా ప్రవాసి

పక్క చేను సంగతి కూడా కలపండి. ఇక్కడి ఆర్కాన్సా రాష్ట్రంలో ఒక ప్రయోగం చేశారు. పత్తి చేనులో 1 చదరపు మీటరు జాగాలో మొండి పామర్ గింజలు 20,000 చల్లి, గ్లైఫోసేట్ మాత్రమే వాడుతూ వదిలేశారు. మూడేళ్లలో అది చేనంతా పరచుకుంది. అందుకే అక్కడి విశ్వవిద్యాలయం వారు ఒక్క మొక్కను కూడా గింజకు రానివ్వకూడదని, ఇరుగుపొరుగు రైతులందరూ కలిసి చేయాలని చెబుతూ వచ్చారు. ఇక్కడ కూడా చాలా భూమి కౌలు మీదే సాగవుతుంది, ఇక్కడి రైతులకూ ఆ చిక్కు ఉంది.

మెట్టచేను

సరే, మాట ఇక్కడి దాకా వచ్చింది కనుక నా వైపు నుంచి చెబుతాను. మూడేళ్లకు కాగితం రాయడానికి ఈనాడు నాకు ధైర్యం లేదు. చట్టం యజమానికీ రక్షణ ఇస్తేనే రాస్తాను. కాని నా కౌలుదారు బీజీ-3 వేయకుండా ఉంటే, విత్తిన వెంటనే కొట్టే మందు ఖర్చూ, ఒక తడవ కలుపు కూలీ నేను భరిస్తాను. అనుమతి విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. ఈ ఏర్పాట్లేవీ లేకుండా విత్తనానికి అనుమతి ఇవ్వడం బీటీ విషయంలో జరిగినదాన్నే మళ్లీ చేయడం అవుతుంది.

గట్టుమీద

ఆ ఒక తడవ కలుపు ఖర్చులో కూలి రేటు ఎంత అనుకున్నారో కూడా చెప్పండి.

పల్నాటి కౌలురైతు

మెట్టచేను గారూ, అనుమతి గురించి మనిద్దరికీ కుదరదు. బిల్లుతో కొన్న విత్తనం కావాలన్న నా మాట నేను వదలను. మీరు చెప్పిన రెండో సంగతికి మాత్రం ఒప్పుకుంటాను, నా భూయజమానిని కూడా అదే అడుగుతాను. మూడేళ్ల కౌలు రాయకపోతే పోనీ, ఆ మందు ఖర్చూ ఒక తడవ కలుపు కూలీ మీవేనన్న ముక్కనైనా మీ కౌలుదారుకు కాగితం మీద రాసివ్వండి, కౌలు డబ్బు తీసుకునే రోజునే రాసివ్వండి. కూలి రేటు ఆ నెలలో ఊళ్లో నడిచే రేటు ఏదైతే అది అని కూడా అందులో వేయండి.